రెండు వేళ్లు తిన్న రక్కసి

జూలై 7, సోమవారం

నా కథ అడిగింది! నా పైడి, నా పదమూడేళ్ల బంగారం, స్కూలు సంచి గుమ్మంలోనే పడేసి సరాసరి నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నీ రక్కసి కథ కావాల. ఎల్లుండికి."

సత్యవతి వంటింట్లోంచి "ముందు కాళ్లు కడుక్కోయే" అని కేకలు. ఎవరు వింటారు!

ఎనిమిదో తరగతి పిల్లలందరూ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే పాత కథ ఒకటి తేవాలని వాళ్ల మిస్ చెప్పిందట. తెలుగువాళ్లది, బెంగాలీవాళ్లది, ఒడియావాళ్లది, సంతాలీవాళ్లది... తర్వాత వేరు వేరు భాషల పిల్లలు ఇద్దరిద్దరు జతకట్టి, రెండు కథలూ కలిపి ఒక కొత్త పురాణం కట్టాలి. దుర్గాపూజ సెలవుల ముందు స్టేజీ మీద ఆడాలి.

ఏడో తరగతితో ఆపేసి, పని కోసం బెంగాల్లో ఈ రైల్వే ఊరికి వచ్చినవాణ్ని. వర్క్‌షాపు కొలిమి దగ్గర సమ్మెట కొట్టి రిటైరైనవాణ్ని. నన్ను స్కూలు కథ అడుగుతోంది! నా యాభై మూడో ఏట పుట్టిన పిల్ల నోటి మీదుగా అడుగుతోంది. భగవంతుడా, ఈ ముసలి గుండెలో పట్టదు ఈ సంతోషం.

జూలై 8

చెప్పాను. పైడి చిన్నప్పుడు నా ఎడమ చేతికి మూడు వేళ్లే ఎందుకున్నాయని అడిగినప్పుడు అల్లిన కథే. ఈసారి పుస్తకంలో రాసుకుంటోంది కాబట్టి బాగా నెత్తురు పోశాను.

కొలిమి కడుపులో ఒక రక్కసి. దానికి ఏడుగురు ఇనుప కొడుకులు. రాజులు వచ్చి ఏడుగురినీ పట్టుకుపోయి, కాల్చి, సాగగొట్టి, కత్తులు చేశారు. అన్నదమ్ములే ఒకరినొకరు నరుక్కున్నారు. ఏడు తలలూ తల్లి ఒళ్లో పడ్డాయి. ఆనాటి నుంచి అది సమ్మెట పట్టిన ప్రతివాడి చేతినీ వాసన చూస్తుంది, నా కొడుకుల్ని కొట్టిన చెయ్యి ఇదేనా అని. ఒకరోజు నా చెయ్యి దొరికింది. చిటికెన వేలు, ఉంగరం వేలు పటపటా నమిలేసింది. మిగతావి మింగబోతుంటే — "తల్లీ, నాకో కూతురు పుడతాది, ఎత్తుకోడానికి మూడు వేళ్లయినా వదులు" అన్నాను. వదిలింది.

సత్యవతి — "పిల్లకి ఇలాటియ్యా సెప్పేది? ఉలిక్కిపడతాది."

"ఉలిక్కిపడ్డమేటే, ఇంకో తల తెగితే బాగుణ్ను అంటన్నాది!"

జూలై 9

క్లాసంతా చప్పట్లు. మిస్ ఎర్ర సిరాతో 'చాలా బాగుంది' అని రాసింది. ఆ పేజీ మడత పడకుండా పరుపు కింద పెట్టాను. ఇప్పటికి ఎన్నిసార్లు తీసి చూశానో.

జూలై 16, బుధవారం

పైడికి జత దొరికింది. మితాలి అని బెంగాలీ పిల్ల, ఖరిదా పేట నుంచి వస్తుంది.

మిస్ ఇప్పుడు వేరే దేశాల కథలు చెబుతోందట. ఒక దేశంలో రాక్షసుణ్ని ముక్కలు నరికి, పుర్రెను ఆకాశం చేశారు, ఎముకల్ని కొండలు చేశారు. ఇంకో దేశంలో ఒక తండ్రి పుట్టిన పిల్లనల్లా మింగేశాడు. పైడి అన్నం కలుపుతూ ఇవన్నీ చెబుతుంటే సత్యవతి కంచం ముందు నుంచి లేచిపోయింది.

"ఆ తండ్రి ఎందుకు మింగినాడు నాన్నా?"

"భయం తల్లీ. పిల్లలు పెద్దోలైపోయి తనని సూత్తారని."

"సూత్తే ఏటి?"

పెరుగు వేసుకోమన్నాను.

జూలై 18

ఈరోజు మితాలి కథ తెచ్చింది. వాళ్ల తాత చెప్పిన కథ.

దక్షిణం నుంచి, సముద్రపు ఒడ్డు నుంచి ఒక రాక్షసుడు వచ్చాడు. కుడి చెయ్యి ఉండాల్సిన చోట సమ్మెట ఉంటుంది. కొట్టబోయే ముందు ప్రతిసారీ ఒక బూతు మాట అరుస్తాడు — సాలా! అని. ఒక మంచి కమ్మరి వాడితో పోరాడాడు. ఎర్రగా కాల్చిన ఇనుముతో వాడి ఎడమ చేతి వేళ్లు రెండు మాడ్చేశాడు. రాక్షసుడు కమ్మరి మోకాలు చితక్కొట్టాడు. అందుకే కమ్మరి ఇప్పటికీ కుంటుతాడు.

పైడి నవ్వుతోంది — "సూసినావా నాన్నా, నీ కథలోనూ రెండు వేళ్లే, ఆ కథలోనూ రెండు వేళ్లే! అన్ని దేశాల కథలూ ఒకలాగే ఉంటాయి, మనుషుల భయాలు ఒకటే గనక అని మిస్ సెప్పినాది."

"మీ మిస్ బాగా సదువుకున్నాది" అన్నాను.

"మితాలి తాత కూడా వర్క్‌షాపే నాన్నా. హరిపద దాదూ. నీకు తెలుసా?"

అంత పెద్ద వర్క్‌షాపులో ఎంతమందని తెలుస్తారు తల్లీ... అన్నాను.

జూలై 19, శనివారం

కాగితానికైనా చెప్పాలి.

రాసేటప్పుడు నేను 'చాలు' అని రాస్తాను. నోటికి 'సాలు' అని వస్తుంది. మా మేస్టారు ఆ 'స'ను 'చ' చేయాలని నా అరచేతులు బెత్తంతో చీరేశాడు. నెత్తురు వచ్చింది గానీ 'చ' రాలేదు. వచ్చుంటే ఒక మనిషి మోకాలు మిగిలేది.

నాకు ఇరవై ఒకటి. ఉద్యోగంలో మొదటి ఏడు. పట్టకారుతో ఇనుము పట్టే పని మా సోంపేట వైపు మేస్త్రీది, సమ్మెట నాది. నాలుగు దెబ్బలు వేసి "సాలా?" అంటాను. ఆయన "సాలు" అంటాడు, లేదా "ఇంకోటెయ్యి" అంటాడు. అలా అలవాటైపోయింది. ఆ రోజు ఆయన సెలవు. పట్టకారు హరిపదకు ఇచ్చారు. వాడూ కొత్తే, పల్లె నుంచి వచ్చినవాడు, నాకంటే రెండేళ్లు పెద్ద. తెలుగు ముక్క రాదు. నాకు బెంగాలీ రాదు.

నాలుగు దెబ్బలు వేశాను. "సాలా?" అన్నాను.

వాడు తలెత్తి చూశాడు. మాట అర్థం కాలేదేమో అనుకుని, ఇంకా గట్టిగా, మొహంలో మొహం పెట్టి — "సాలా?"

అక్కచెల్లెళ్లను ఎత్తి తిట్టే మాట అది వాళ్లకు! పట్టకారుతో పట్టిన ఎర్రటి ముక్క తెచ్చి, దాగలి దిమ్మ మీద ఆనించిన నా ఎడమ చేతి మీద అదిమేశాడు. దాగలికీ ఆ ఇనుముకూ మధ్య నా వేళ్లు. నూనెలో చేప వేసినట్టు చప్పుడు. ఆ వాసన ఇప్పటికీ, ఎవరింట్లోనైనా మాంసం మాడితే, నేను వీధిలోకి పోతాను.

సమ్మెట కుడి చేతిలో ఉంది. తిప్పాను. మోకాలి చిప్ప. ఎండు కొబ్బరికాయ పగిలినట్టు. ఒక్క దెబ్బ. వాడు పడిపోయాడు.

ఫోర్‌మన్ వస్తే ఇద్దరం ఒకటే మాట చెప్పాం — ఇనుము జారింది సాబ్, కాలు మీద పడింది, చెయ్యి కాలింది. నిజం చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. అబద్ధం చెప్పడానికి మాత్రం మాకు భాష అడ్డం రాలేదు! ఇద్దరినీ ఆసుపత్రిలో పక్క పక్క మంచాల మీద పడుకోబెట్టారు. నా వేళ్లు తీసేశారు. వాడి కాలు వంగకుండా బిగుసుకుపోయింది.

తర్వాత వాణ్ని కూర్చునే పనిలోకి మార్చారు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఒకే గేటులోంచి వెళ్లాం. ఒక్క మాట లేదు.

వాడు ఇంట్లో నన్ను రాక్షసుణ్ని చేసి చెప్పుకున్నాడు. నేను కొలిమిని రక్కసిని చేసి చెప్పుకున్నాను. ఇప్పుడు రెండు కథలూ ఒకే బెంచీ మీద కూర్చున్నాయి.

జూలై 23

పైడి అన్నం తినిపించమంది. ఇంత పెద్ద పిల్ల! ఈ మూడు వేళ్లతోనే తినిపించాను, ఎడమ చెయ్యని సత్యవతి తిట్టినా. ఈ చెయ్యంటే దానికి ఇష్టం. ఈ చెయ్యి దాని దృష్టిలో యుద్ధం గెలిచి వచ్చింది.

ఆ ఇష్టం పోతే నాకేం మిగులుతుంది.

ఆగస్టు 5, మంగళవారం

స్కూలు నుంచి ఫోన్. పరుగెత్తాను. పైడి గుమ్మం దగ్గర నిలబడి ఉంది, యూనిఫాం మీద నెత్తురు. దాని నెత్తురు కాదు. క్లాసులో ఎవరో "మీ తెలుగోళ్ల రక్కసి ఇడ్లీలు తింటుందా?" అన్నాడట. జామెట్రీ పెట్టెతో మొహం మీద కొట్టింది. ముక్కు పగిలింది.

దేవుడి మీద ఒట్టు — ముందు పొంగిపోయాను. నా కథ కోసం కొట్టింది నా సింహం! ఆ పిల్లవాడు దూదితో ముక్కు మూసుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు, కళ్లు వాచిపోయి. అది చూశాక పొంగు దిగిపోయింది.

మిస్ ముందు అడిగాను — "ఎన్ని కొట్టినావు?"

"ఒకటి."

దారిలో తాల్‌బగీచా మలుపు దగ్గర సైకిల్ వెనక నుంచి చిన్న గొంతు —

"నాన్నా. రెండు. మొదటిది కోపంతో. రెండోది... ఏడుస్తన్నాడు అప్పటికే. ఊరికే కొట్టినాను."

సైకిల్ దిగి నడిపించుకుంటూ వచ్చాను.

ఆగస్టు 6

దాని వయసు పదమూడు. మూడు వీధులు దాటేలోపు నిజం చెప్పేసింది. నా వయసు అరవై ఆరు.

జూలై 19న ఒక్క దెబ్బ అని రాశాను. ఆ మాట కొట్టేస్తున్నాను. రెండు.

మొదటి దెబ్బకు హరిపద పడ్డాడు. పట్టకారు ఎక్కడో పడింది. రెండు చేతులూ నాకేసి చాపి "ఆర్ నా, ఆర్ నా" అంటున్నాడు. ఇక వద్దు అని. ఆ రోజుకు బెంగాలీ రాకపోయినా ఆ మాట ఏ భాషలోనైనా తెలుస్తుంది. నేను వాడి మీద నిలబడి, సమ్మెట ఎత్తి, అడిగాను —

"సాలా?"

మొదటిసారి పని కోసం అడిగాను. ఈసారి తెలిసే అడిగాను. వాడి కళ్లలోకి చూసి, నవ్వి అడిగాను కూడా. అడిగి, ఆ విరిగిన మోకాలి మీదే మళ్లీ వేశాను.

డాక్టరు అన్నాడు — ఒక్కసారి విరిగుంటే అతుక్కునేది.

ఆగస్టు 17, ఆదివారం

మితాలి మా ఇంటికి వచ్చింది! రెండు జడల పిల్ల. నా చెయ్యి చూసింది, లెక్కపెట్టింది, చూపు దించుకుంది.

సత్యవతి పూరీలు వేసింది, రొయ్యల కూర. ఒకటి, రెండు, ఐదు పూరీలు వడ్డించి, గరిటె పట్టుకుని ఆ పిల్ల మీదికి వంగి ప్రేమగా అడిగింది —

"సాలా?"

పిల్ల చేతిలో పూరీ ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

"జేఠీమా గాలీ కేనో దిలో?" అంది పైడితో, ఏడుపు గొంతుతో. పెద్దమ్మ ఎందుకు తిట్టింది అని.

పైడి కిందపడి నవ్వింది. "తిట్టలేదే మొద్దూ! సాలా అంటే సరిపోయినాదా అని. బస్? బస్?"

సత్యవతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని — "ఓలమ్మ! ముప్ఫై ఐదేళ్ల నుంచి ఈ ఊళ్లో ఎంతమందికి ఇలగ వడ్డించినానో, ఎంతమంది మనసులో తిట్టుకున్నారో!"

నవ్వులు. తర్వాత ఒక్కసారిగా నవ్వు ఆగింది. పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత నా చెయ్యి చూశారు. వాళ్ల మొహాల్లో ఆ వెలుగు ఎలా రాయను — దీపం పెట్టిన గదిలా.

"నాన్నా! ఆ మూడు వేళ్ల రాక్షసుడు నువ్వే!"

సత్యవతి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ముప్ఫై ఐదేళ్లు ఇనుము జారిందనే నమ్మిన మనిషి.

"నువ్వు తిట్టలేదు! సాలా అని అడిగినావు, అంతే! దాదూ తప్పుగా విన్నాడు! అంతేనా నాన్నా?"

"అంతే" అన్నాను.

పైడి మెడకు చుట్టుకుంది. మితాలి మళ్లీ పూరీ అందుకుంది. "జేఠీమా, సాలా నయ్" అంది. ఇంకా సరిపోలేదని! ఇల్లంతా ఎగిరిపోయేలా నవ్వు.

ఇంత సంతోషం నాకు పైడి పుట్టినరోజున కలిగింది. మళ్లీ ఈరోజు.

ఆగస్టు 18

సత్యవతి ఒక్కటే అడిగింది, పొద్దున్న టీ ఇస్తూ. "జారలేదన్నమాట ఇనుము."

"జారలేదు."

"ఊఁ."

గ్లాసు పెట్టి వెళ్లిపోయింది.

సెప్టెంబరు 6, శనివారం

కొత్త పురాణం తయారైంది. మా ముందు గదిలో రిహార్సల్. అట్టపెట్టె సమ్మెట, వెండి రంగు కాగితం.

వేషాలు మార్చుకున్నారు! మితాలి రాక్షసుడట. మా పైడి కమ్మరి. "ఎవరింటి పెద్దోలి ఏషం వాళ్లేసుకుంటే పురాణం కాదు, తగువే అవుద్ది" అని మిస్ చెప్పిందట. ఎంత తెలివి!

కథ ఇది. రాక్షసుడు "సాలా?" అంటాడు. కమ్మరి తిట్టనుకుని వేళ్లు కాలుస్తాడు. రాక్షసుడు మోకాలు విరగ్గొడతాడు, ఒక్క దెబ్బ. మళ్లీ సమ్మెట ఎత్తుతాడు. అప్పుడు కొలిమి లోంచి రక్కసి, ఏడుగురు కొడుకుల తల్లి, గరిటె పట్టుకుని బయటికొస్తుంది. ఇద్దరికీ అన్నం పెట్టి, "సాలా?" అని అడుగుతుంది. కమ్మరి ఆ మాట వింటాడు. అర్థమవుతుంది. "సాలు" అంటాడు. సమ్మెట కింద పడుతుంది. రక్కసి గొంతు సత్యవతిది, మొబైల్లో రికార్డు చేశారు. సిగ్గుపడుతూ నాలుగుసార్లు చెప్పింది.

చప్పట్లు కొట్టాను. కొడుతున్నాను గానీ — నా పిల్ల నేల మీద పడి ఉంది. మోకాలు పట్టుకుని ఉంది. దాని మీద ఎత్తిన సమ్మెట. అట్టదే. అట్టదే.

సెప్టెంబరు 10

మితాలి వాళ్ల తాతకు కథంతా చెప్పిందట. సాలా అంటే తిట్టు కాదనీ చెప్పిందట. ముసలాయన ఒకటే అడిగాడట — మీ రాక్షసుడు ఎన్ని దెబ్బలు కొడతాడు?

ఒకటి దాదూ, అందట మితాలి.

కర్ర తీసుకుని లోపలికి పోయాడట.

"ఎందుకలగ అడిగినాడు నాన్నా?"

ముసలోళ్లకు లెక్కలంటే ఇష్టం తల్లీ, అన్నాను.

సెప్టెంబరు 16, మంగళవారం

స్కూలు ఫంక్షన్. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మూడో వరసలో నేనూ సత్యవతీ. మొదటి వరసలో హరిపద. ఒక కాలు తిన్నగా ముందుకు చాపి, కర్ర కుర్చీకి ఆనించి. వెనక నుంచి తల చూస్తే పండిన దూదికాయ. నా తలా అంతే.

ఆడారు! ఎంత బాగా ఆడారు! వేళ్లు కాలినప్పుడు పైడి నోటితో బుస్స్ అని చప్పుడు చేసింది. హాలంతా వణికింది. దెబ్బ పడినప్పుడు అది పెట్టిన కేక... అంత కేక ఎక్కడ నేర్చుకుంది? హరిపద పెట్టిన కేక అదే. అచ్చం అదే. ఎవరూ నేర్పకుండా ఎలా వచ్చింది దానికి?

రాక్షసుడు మళ్లీ సమ్మెట ఎత్తాడు. "సాలా?"

నేను కళ్లు మూసుకున్నాను.

సత్యవతి గొంతు వచ్చింది మైకులో. "సాలా, నాయనా?" తర్వాత పైడి గొంతు — "సాలు."

అందరూ లేచి చప్పట్లు. మిస్ కళ్లు తుడుచుకుంటోంది. మొదటి బహుమతి!

హరిపద చప్పట్లు కొట్టలేదు. కర్ర పట్టుకుని మెల్లగా లేచాడు. వెనక్కి తిరిగాడు. మూడో వరస. నలభై ఐదేళ్ల తర్వాత నా కళ్లలోకి చూశాడు. కోపం లేదు ఆ కళ్లలో. అదే భరించలేకపోయాను. కర్ర లేని చెయ్యి ఎత్తాడు. రెండు వేళ్లు చూపించాడు.

అంతే. కుంటుకుంటూ వెళ్లిపోయాడు. గుంపులో నేను రెండడుగులు వేశాను. ఆగిపోయాను.

స్టేజీ మీద నుంచి పైడి చూసింది.

సెప్టెంబరు 17, బుధవారం

విశ్వకర్మ పూజ. వర్క్‌షాపు వైపు నుంచి ఢాక్ డప్పుల మోత ఇక్కడికి వినిపిస్తోంది. సమ్మెటలకు, దాగలికి, బొట్లు పెట్టి ఉంటారు, బంతిపూల దండలు. ఈరోజు ఇంటివాళ్లనూ లోపలికి రానిస్తారు. రక్కసి కొలిమి చూపిస్తానని పైడికి మాటిచ్చాను. మితాలి కూడా వస్తుందట, దాదూని తీసుకుని.

బహుమతి కప్పు టీవీ మీద ఉంది. రాత్రంతా కౌగిలించుకుని పడుకుంది పిచ్చిపిల్ల.

కొత్త గౌను వేసుకుని గుమ్మంలో నిలబడింది. నేను రాయడం అయ్యేవరకూ ఆగుతానంది. ఆగలేదు.

"నాన్నా. నిన్న దాదూ నీకు రెండు వేళ్లు సూపించినాడు."

"ఊఁ."

"పోయిన నీ రెండు వేళ్ల గురించేనా? తను కాల్సేసినాడు కదా, అందుకు సారీ అనా?"

ఎంత మంచి జవాబు! నాకోసం అదే కట్టి ఇచ్చింది. ఈ కథ కూడా బాగుంది, పాత కథల కంటే బాగుంది. నేనేమీ అల్లనక్కరలేదు. సత్యవతి వంటింటి గుమ్మంలో గిన్నె తుడుస్తూ నిలబడి నా వైపే చూస్తోంది. గిన్నె ఎప్పుడో ఆరిపోయింది.

"సెప్పు నాన్నా. అందుకేనా?"

ఊఁ అంటే చాలు.

చాలా?